పాత సిస్టమ్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే ముందు దాని నోరు చూడాలి

పోయిన నవంబర్‌లో మిర్యాలగూడ నుంచి తెలిసిన రైస్ మిల్లు సేటు ఫోన్ చేశాడు. "తమ్మీ, కాంటా కంప్యూటర్ గంటకోసారి ఆగిపోతుంది, గేటు బయట ట్రాక్టర్లు వరసకట్టినయి, జల్ది రా" అని. నవంబర్ అంటే వానకాలం వడ్లు మిల్లులకు చేరే టైము, అప్పుడు మిర్యాలగూడలో కాంటా ఆగిందంటే రోడ్డు మీద ట్రాఫిక్ కూడా ఆగినట్టే. నేను నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర బస్సెక్కేటప్పుడు నా చొక్కా జేబులో ఉన్నది ఒకే ఒక్క వస్తువు, 64 జీబీ పెన్‌డ్రైవ్. ఎంత సాఫ్ట్‌వేర్ ఉంటే మాత్రం 64 జీబీ దాటుతుందా అన్న ధీమా. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తూ కూడా అంత తెలివితక్కువగా ఎలా బయల్దేరానో ఇప్పటికీ అర్థం కాదు.

కాంటా గదిలో ఉన్నది విండోస్ 98 సిస్టమ్. నవ్వకండి, అది చేసే పని ఒక్కటే: లారీ కాంటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా బరువు తీసుకుని, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో చీటీ కొట్టడం. ఆ పనికి అది చాలు, నిజానికి ఎక్కువే. మిల్లు ఆఫీసులో లెక్కల కోసం వాడి పక్కన పెట్టేసిన ఇంకో సిస్టమ్ ఉంది, అదీ విండోస్ 98 సెకండ్ ఎడిషనే. బరువు చీటీల సాఫ్ట్‌వేర్‌ని కాంటా సిస్టమ్‌లో నుంచి దాంట్లోకి మార్చాలి, అంతే పని. సాఫ్ట్‌వేర్ మిల్లు డబ్బులిచ్చి కొన్నదే, ప్రింటర్ పోర్టుకి బిగించే లాక్ (అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది) కూడా ఉంది, కాబట్టి దొంగతనం ముచ్చట కూడా కాదు.

రెండో సిస్టమ్ వెనక్కి వంగి చూస్తే రెండు యూఎస్‌బీ పోర్టులు కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని పెన్‌డ్రైవ్ గుచ్చాను. కొత్త హార్డ్‌వేర్ దొరికిందని ఒక కిటికీ వచ్చింది, సంతోషం, వెంటనే డ్రైవర్ ఉన్న డిస్క్ పెట్టమంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. పోర్టు ఉంటే పెన్‌డ్రైవ్ పనిచేస్తుందని కాదు. విండోస్ 2000, ఎంఈ, ఎక్స్‌పీ ఇవన్నీ పెన్‌డ్రైవ్‌ని సొంతంగా గుర్తుపడతాయి, 98కి మాత్రం ఒక్కో పెన్‌డ్రైవ్‌కి దాని కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వేసుకోవాలి. ఆ కాలంలో పెన్‌డ్రైవ్‌తో పాటు చిన్న సీడీ వచ్చేది అందుకే. ఔత్సాహికులు తయారుచేసిన ఎన్‌యూఎస్‌బీ అనే డ్రైవర్ ప్యాక్ ఒకటుంది, అది వేస్తే సెకండ్ ఎడిషన్‌లో చాలా పెన్‌డ్రైవ్‌లు నడుస్తాయి. బాగుంది. కానీ ఆ ప్యాక్ సిస్టమ్‌లోకి ఎలా పోవాలి? పెన్‌డ్రైవ్ నడవాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. తాళంచెవి లోపల పెట్టి బయట నుంచి తాళం వేసుకున్నట్టు.

ఒకవేళ డ్రైవర్ దొరికినా నా పెన్‌డ్రైవ్ అక్కరకు రాదు, ఎందుకంటే అది ఎక్స్‌ఫ్యాట్‌లో (డ్రైవ్ మీద ఫైళ్లు సర్దే పద్ధతుల్లో కొత్తది) ఫార్మాట్ అయి ఉంది. పెన్‌డ్రైవ్ మీద విండోస్ 98కి ఫ్యాట్16, ఫ్యాట్32 లాంటి పాత ఫ్యాట్ రకాలు తప్ప ఇంకేం తెలియదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా తెలియదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఎక్స్‌పీకి కూడా వేరే అప్‌డేట్ వేస్తే తప్ప చదవడం రాదు.

సేటు నా వెనకే నిలబడి "అయితదా తమ్మీ, హైదరాబాద్ నుంచి ఇంకెవర్నన్న పిలవాల్నా?" అంటున్నాడు. టెన్షన్ మొదలైంది.

గుమాస్తా కాకా బీరువాలోంచి ఫ్లాపీల డబ్బా తీశాడు. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ మొత్తం 11 ఎంబీ, ఫ్లాపీకి 1.44 ఎంబీ, అంటే ఎనిమిది ఫ్లాపీలు. పాత ఏఆర్‌జే ప్రోగ్రాం అదృష్టం కొద్దీ కాంటా సిస్టమ్‌లోనే ఉంది, దానికి 1440 సైజులో ముక్కలు చెయ్యమని చెబితే ఒక్కొక్క ఫ్లాపీ అడుగుతూ పోతుంది. రెండు లారీల మధ్య దొరికిన సందులో ఒక ఫ్లాపీ, ఇంకో సందులో ఇంకోటి, అలా గంటన్నర పట్టింది. ఫ్లాపీ డ్రైవ్ మూత వేలితో నెట్టి లోపలికి టార్చ్ కొట్టి చూస్తే సన్నటి తవుడు పొర, బూజులాగా, హెడ్ మీద కూడా ఉంది. మిల్లు అంటే అంతే కదా. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను, దూది గోధుమరంగులో బయటికొచ్చింది. మొదటి అయిదు ఫ్లాపీలు రెండో సిస్టమ్‌లో గరగరమంటూ చదివింది. ఆరోది పెట్టగానే ఆ శబ్దం మారింది, టక్, టక్, టక్, మళ్లీ ప్రయత్నించాలా మానుకోవాలా అని స్క్రీన్ మీద ప్రశ్న. ఎనిమిదిలో ఒక్కటి పోతే మిగతా ఏడూ ఉన్నా ముక్కలు అతకవు. ఫ్లాపీల్లో ఇదే బాధ, ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచిదే, పది కలిసి పనిచెయ్యాలంటే మాత్రం నమ్మలేం. పైగా కొత్తవి తయారుచేసేవాళ్లే లేరు, సోనీ కూడా 2011లో అమ్మకాలు ఆపేసింది, మన దగ్గర ఉన్నవన్నీ ఎప్పటివో తెలియని పాత సరుకు.

అప్పుడు కాకా నెత్తి గోక్కుంటూ, "సీడీ ఒకటుండె, సాఫ్ట్‌వేర్ వేసినాయన పోయేటప్పుడు ఇచ్చిపోయిండు, అదేమన్న అక్కరకొస్తదా?" అన్నాడు. కాకా, ఈ ముక్క పొద్దున చెప్పి ఉంటే! పార్టీల పేర్లు రాసుకునే రిజిస్టర్ అట్టలో దొరికింది ఆ సీడీ, గీతలు పడి ఉంది, కానీ మొత్తం ఫోల్డర్ దాంట్లో ఉంది. రెండో సిస్టమ్‌లో సీడీ డ్రైవ్ ఉంది, డ్రైవర్ గొడవ లేదు, పెట్టగానే చదివింది. సీడీ తర్వాత మారినవి ఏంటో చూస్తే పార్టీల లిస్టు, రేట్లు, ఈ సీజన్ బరువులు, అన్నీ కలిపి ఒక ఎంబీ లోపే. దాన్ని ఒక మంచి ఫ్లాపీలో వేసి పట్టుకొచ్చాను. పెద్దది సీడీలో, చిన్నది ఫ్లాపీలో. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి కూడా అదే.

అంతటితో అయిపోలేదు. ప్రోగ్రాం తెరుచుకుంది, లాక్ మార్చాక ఒప్పుకుంది, బరువు కూడా వచ్చింది, కానీ సేవ్ కొడితే ఎర్రర్. మళ్లీ కొడితే మళ్లీ ఎర్రర్. ట్రాక్టర్ మీద రైతు కిందికి దిగి వచ్చి కిటికీలోంచి చూస్తున్నాడు. అరగంట తర్వాత గాని వెలగలేదు: సీడీలో ఉన్న ఫైళ్లన్నీ రాయడానికి వీల్లేని ఫైళ్లు, విండోస్ 98లో వాటిని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసినా ఆ రీడ్ ఓన్లీ గుర్తు వాటితోనే వచ్చేస్తుంది. ప్రోగ్రాం తన డేటా ఫైల్‌లో తానే రాసుకోలేకపోతోంది. డాస్ ప్రాంప్ట్‌కి (కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్) పోయి ఆ ఫోల్డర్‌లో ఆట్రిబ్ కమాండ్‌తో మైనస్ ఆర్, లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించేలా స్లాష్ ఎస్ కొట్టగానే గుర్తు పోయింది, చీటీ కొట్టింది. సీడీ నుంచి పాత సిస్టమ్‌కి ఏదైనా మార్చి, అది తెరుచుకుని పని మాత్రం చెయ్యకపోతే ముందు ఇది చూడండి, మీ అరగంట మిగులుతుంది.

హార్డ్‌డిస్కే ఊడదీసి రెండో సిస్టమ్‌కి స్లేవ్‌గా, అంటే అదనపు డిస్క్‌గా, పెట్టుకుంటే ఇవన్నీ ఎందుకు అని మీలో కొందరు అడుగుతారు. నిజమే, అది మంచి దారే. డిస్క్ వెనకుండే చిన్న క్లిప్పు, జంపర్, సరిచేసి కేబుల్ తగిలిస్తే చాలు. కానీ లారీలు వస్తూ ఉండగా నడుస్తున్న ఒక్కగానొక్క సిస్టమ్‌ని విప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు, అంత పాత డిస్క్ ఒకసారి చల్లారితే మళ్లీ తిరుగుతుందో లేదో ఎవరు చెప్పాలి.

ఇక అసలు సంగతికొస్తాను. ఎద్దును కొనేముందు పళ్లు చూసినట్టు, డ్రైవ్ ఎంచుకునేముందు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే సిస్టమ్ ఏం మింగగలదో చూడాలి. ఇచ్చే సిస్టమ్ కాదు, తీసుకునేది. డ్రైవర్ వెయ్యకుండా అది చదవగలిగింది ఏదో ముందు తెలుసుకుని, అదే పట్టుకెళ్లాలి. ఫోన్‌లోనే అడుగుతున్నాను ఇప్పుడు, సిస్టమ్ ముందు ఫొటో ఒకటి, వెనక ఫొటో ఒకటి వాట్సాప్ పెట్టమని. ఆన్ చెయ్యగానే వచ్చే స్క్రీన్ ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, సీఎఫ్ కార్డు. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన వైపు దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. సీఎఫ్ కార్డుకి లోపలే ఐడీఈ (పాత సిస్టమ్‌లలో హార్డ్‌డిస్క్ తగిలించే పద్ధతి) హార్డ్‌డిస్క్ భాష వచ్చు. దాన్ని 40 పిన్నుల ఐడీఈ కేబుల్‌కి తగిలించే అడాప్టర్‌లో లెక్కపెట్టదగ్గ చిప్ కూడా ఏం ఉండదు, ఉత్త తీగల దారులే. అంటే సిస్టమ్ దాన్ని చిన్న హార్డ్‌డిస్క్ అనుకుంటుంది, డాస్ అయినా, 95 అయినా, 98 అయినా ఏ డ్రైవరూ అడగదు. విండోస్ 95, 98 ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే పక్కన కార్డులు దూర్చే పీసీఎంసీఐఏ స్లాట్ ఉంటుంది, దానికి వేరే చిన్న అడాప్టర్, కార్డు దాంట్లో పెట్టి దూర్చెయ్యడమే. మన కొత్త ల్యాప్‌టాప్‌లో అదే కార్డుని మామూలు యూఎస్‌బీ రీడర్‌లో పెట్టి నింపుకోవచ్చు. రెండు వైపులా పనిచేసే వస్తువు అంటే ఇది.

ఎక్కడ దొరుకుతాయంటే, పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోల్లో. ఒకప్పుడు పెద్ద కెమెరాలన్నీ సీఎఫ్ కార్డు మీదే నడిచేవి. రామగిరిలో తెలిసిన స్టూడియో అన్న దగ్గర సొరుగు లాగితే బ్యాటరీలు, పాత లెన్స్ మూతల మధ్య నాలుగు సీఎఫ్ కార్డులు దొరికాయి, రెండు 1 జీబీవి, రెండు 2 జీబీవి. చాయ్ తాగించి తెచ్చుకున్నాను. ఒకదాంట్లో ఎవరిదో పెండ్లి మొత్తం ఉంది, అప్పగింతల దాకా. తిరిగి ఇచ్చేసి కాపీ చేసుకోమన్నాను, "వాళ్ల పిల్లలు ఇప్పుడు టెన్త్ చదువుతున్నరు" అన్నాడు నవ్వుతూ. అడాప్టర్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి.

2 జీబీ కన్నా పెద్దది వద్దంటాను. ఫ్యాట్16కి డాస్‌లోనూ 98లోనూ పైకప్పు 2 జీబీ. 4 జీబీ కార్డుని ఎక్స్‌పీలో ఫ్యాట్ అని ఫార్మాట్ కొడితే అది 64 కిలోబైట్ల క్లస్టర్లు (ఫైళ్లు దాచే గడులు) వేస్తుంది, దాంతో 98 తికమక పడుతుంది. చిన్న కార్డు అయితే పాత బయోస్‌ల (సిస్టమ్ ఆన్ చెయ్యగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాం) హద్దులతో కూడా గొడవ తక్కువ, 8.4 జీబీ దాటితే చూడలేని బోర్డులు ఇంకా తగులుతూనే ఉన్నాయి. ఇంకో రెండు జాగ్రత్తలు. ఐడీఈకి తగిలించిన కార్డుని సిస్టమ్ నడుస్తుండగా పీకకూడదు, పెన్‌డ్రైవ్ అలవాటులో లాగేస్తే ఫైళ్లు పోతాయి. సాకెట్‌లో 50 సన్నటి పిన్నులుంటాయి, కార్డు వంకరగా తోస్తే ఒకటి వంగుతుంది, సూదితో నిలబెట్టడానికి నాకు ఒకసారి భూతద్దం పట్టుకుని మధ్యాహ్నమంతా పట్టింది.

ఎస్‌డీ కార్డు చవక కదా అంటారు. చవకే, కానీ ఎస్‌డీకి ఐడీఈ భాష రాదు, అడాప్టర్‌లో అనువాదం చేసే చిప్ ఉండాలి, ఆ చిప్ మంచిదైతే మంచిది, లేకపోతే లేదు. పాత రీడర్లు 2 జీబీ దాటిన ఎస్‌డీహెచ్‌సీ కార్డుల్ని అసలు చూడవు. కార్డు పక్కన ఉండే లాక్ మీట కూడా రీడర్ గౌరవిస్తేనే పనిచేస్తుంది, కార్డు తనంతట తాను ఆపదు.

జిప్ డ్రైవ్ గురించి ఈమధ్య ఒక కుర్రాడు అడిగాడు. 90ల మధ్యలో ఐయోమెగా తెచ్చిన 100 ఎంబీ డిస్కులవి. ప్రింటర్ పోర్టుకు తగిలే రకం ఉండేది, యూఎస్‌బీ లేని సిస్టమ్‌కి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ టిక్ టిక్ మని చచ్చే జబ్బుకి ఆ డ్రైవులు పేరుమోశాయి, చెడిన డిస్క్ పెడితే మంచి డ్రైవ్ హెడ్ కూడా పాడవుతుంది, ఆ డ్రైవ్‌లో ఇంకో డిస్క్ పెడితే అదీ పాడవుతుంది. ఇంట్లో ఉంటే వాడుకోండి, డబ్బులు పెట్టి మాత్రం కొనకండి.

ఉట్టి డాస్ సిస్టమ్‌కి ఫ్లాపీ కూడా పోయి ఉంటే కేబుల్ ఉండనే ఉంది. డాస్ 6తో ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాం వచ్చేది, రెండు సిస్టమ్‌లకీ సీరియల్ నల్ మోడెమ్ కేబుల్ (రెండిటినీ నేరుగా కలిపేది) కలిపితే చాలు. సెకనుకి 11 కిలోబైట్లు, ఎక్కువ ఆశించకండి, మిల్లు సాఫ్ట్‌వేర్ లాంటి 11 ఎంబీకి పదిహేడు నిమిషాలు. ఆ రోజు గంటన్నర ఫ్లాపీలతో ఆడినవాడికి పదిహేడు నిమిషాలు ఎంత తక్కువో తెలుసు.

సీడీ రాసేవాళ్లకు: ఒక్కసారి రాసే సీడీ ఆర్ మాత్రమే వాడండి. మళ్లీ మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్క్ మీద వెలుతురు తక్కువ తిరిగొస్తుంది, మరీ పాత డ్రైవులకు అది నల్లటి అద్దమే. సెషన్ మూసెయ్యండి, అంటే రాత ముగిసిందని డిస్క్ మీద గుర్తు పెట్టించండి, స్పీడ్ తగ్గించి రాయండి. డాస్‌లో చదవాలంటే ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటనివ్వకండి. ఫైళ్లను జిప్ చేసి రాస్తే ఇందాక చెప్పిన రీడ్ ఓన్లీ బాధ కూడా తప్పుతుంది, హార్డ్‌డిస్క్‌లో విప్పుకున్నప్పుడు ఫైళ్లు ఎప్పట్లాగే ఉంటాయి.

ఎక్స్‌పీ సిస్టమ్ అయితే ఇంత రామాయణం లేదు, పెన్‌డ్రైవే చాలు. మన ప్రకాశం బజార్ వైపు డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్స్ పెట్టుకుని ఎక్స్‌పీ మీదే పెండ్లి కార్డులు కొడుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల ఫైళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవు మరి. వాళ్లకు నేను చెప్పేది, 2 జీబీయో 4 జీబీయో ఉన్న పాత పెన్‌డ్రైవ్ ఒకటి ఈ పనికే విడిగా పెట్టుకోండి, ఫ్యాట్32లో. 32 జీబీ దాటితే విండోస్ ఫార్మాట్ కిటికీలో ఫ్యాట్32 మామూలుగా కనబడదు. పాత యూఎస్‌బీ 1.1 పోర్టులో సెకనుకి ఒక ఎంబీ వస్తే గొప్ప, కాబట్టి స్పీడ్ చూసి ఖరీదైనది కొనడం దండగ. రాయకుండా ఆపే మీట ఉన్న పెన్‌డ్రైవ్ కనబడితే మాత్రం వదలకండి. ఆ షాపుల్లో నాకు ఎక్కువ భయం వైరస్ గురించే. ఫోల్డర్ బొమ్మ వేసుకుని న్యూ ఫోల్డర్ పేరుతో కూర్చునే ప్రోగ్రాం గుర్తుందా, నొక్కితే అంతే, అది ఇంకా బతికే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అది తెరుచుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2011లో అప్‌డేట్‌తో ఆపింది గాని, ఈ సిస్టమ్‌లు అప్‌డేట్ మొహం చూసి ఎన్నేళ్లయిందో. అలాంటి షాపుకి మీట లాక్ చేసి ఇస్తాను, అక్కడినుంచి ఏమైనా తేవాలంటే వేరే పెన్‌డ్రైవ్.

మూడు వందలకు 1 టీబీ అని రోడ్డు పక్కన అమ్మేవి కొనకండి. అసలు చిప్ చిన్నదే ఉంటుంది, సైజు అబద్ధం చెబుతుంది, నిండాక పాతవాటి మీదే రాస్తుంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ మొత్తం నింపి తిరిగి చదివి చూస్తుంది, ఏ కొత్త పెన్‌డ్రైవ్ అయినా దానితో ఒక రాత్రి పరీక్ష పెట్టాకే నా సంచిలోకి వస్తుంది.

ఆ మిల్లుకి సీజన్ అయ్యాక సంక్రాంతి ముందు మళ్లీ వెళ్లి, కాంటా సిస్టమ్‌లో సీఎఫ్ అడాప్టర్ బిగించి, రోజూ రాత్రి షట్‌డౌన్ ముందు డేటా దాంట్లోకి కాపీ అయ్యేలా రెండు లైన్ల బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా నడిపే చిన్న ఫైల్) రాసిచ్చాను. కాకాకి ఆ కార్డు చూపిస్తే అగ్గిపెట్టె అంత కూడా లేదే అని అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్లాపీల డబ్బా మాత్రం పారెయ్యనివ్వలేదు, మళ్లీ బీరువాలోనే పెట్టాడు.

మొన్న దేవరకొండ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, వాళ్ల నాన్నగారి దుకాణం లెక్కలు ఉన్నాయట, అయిదుంపావు అంగుళాల మెత్తటి ఫ్లాపీల్లో. యూఎస్‌బీకి తగిలే ఫ్లాపీ డ్రైవ్ నా దగ్గరుంది గాని అది మూడున్నర అంగుళాలది. పాత 1.2 ఎంబీ డ్రైవ్, పనిచేసేది, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.